వదినను గ్రూపులోంచి తీసేసిన రోజు

నా గొంతు గురించి ముందే చెప్పుకోవాలి. లేకపోతే తరవాత జరిగిందేదీ మీకు అర్థం కాదు. ఉద్యోగం రాకముందు చాలాకాలం తలమీద చేపల గంప పెట్టుకుని మా దీవిలో డిగ్నాబాద్ వీధుల్లో అరుచుకుంటూ తిరిగాను. ఆ అరుపులకు ఒకసారి గొంతు పగిలింది, మళ్ళీ అతకలేదు. ఇప్పుడు ప్రేమగా పిలిచినా ఎదుటివాళ్ళు ఏదో తప్పు చేసి దొరికిపోయామన్నట్టు ఉలిక్కిపడతారు. మా ఆయన "నువ్వు మెల్లగా మాట్లాడితే ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలనుందే" అనేవాడు. పాపం, వినకుండానే పోయాడు.

ఆయన పోయాక నాకు అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగం వచ్చింది. బ్రూక్షాబాద్ కొండమీద, రోడ్డు పక్కనే మా సెంటరు. కిచిడీ వండడం, ముక్కులు తుడవడం, ఏడ్చేవాళ్ళను ఎత్తుకోవడం, నన్ను చూసి ఏడ్చేవాళ్ళను టీచరమ్మకు అందించడం. రిటైరయ్యేదాకా అదే నా పని. సంతకం పెట్టడం వచ్చు, అంతకుమించి చదువు లేదు. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నది మా వదిన కోడలు. మధ్యమధ్య నవ్వుతోంది. ఆ నవ్వులు మాత్రం రాయడం లేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు, "పిన్నీ, తుఫాను రోజు కింది లైను మొత్తాన్ని నువ్వొక్కదానివే ఫోనుతో ఖాళీ చేయించావట కదా, ఎలాగ?" అని. ఆఫీసు మీటింగుల్లో నా గురించి గొప్పగా చెబుతున్నారట. అమ్మాయిలూ, విని మోసపోకండి. జరిగింది ఇది.

విపత్తుల ఆఫీసులో ఒక చిన్నవయసు మేడమ్ ఉండేది. ప్రతి పేటకూ ఫోనులో ఒక గ్రూపు పెట్టించింది. గాలివాన వచ్చినా, మట్టి జారినా, సముద్రం పొంగినా అందరికీ ఒకేసారి కబురు చేరాలని ఆవిడ ఆలోచన. గోల్ ఘర్ పేటలో ఒక హాల్లో మాకు శిక్షణ కూడా ఇచ్చారు. సమోసాలు బాగున్నాయి. మిగతాది టీచరమ్మ రాసుకుంది. తరవాత టీచరమ్మ తల్లికి వైద్యం చేయించాలని వైజాగ్ వెళ్ళింది. ఫోను నా చేతికొచ్చింది. అలా, అక్షరం ముక్క రాని నేను అడ్మిన్‌నయ్యాను.

కొండ తవ్వి చదును చేసి కట్టుకున్న ఇళ్ళ వరసను మేం కింది లైను అంటాం. తెలుగువాళ్ళు, బెంగాలీలు, తమిళులు కలిసి ఉంటారు. అందరికీ అర్థమయ్యేది హిందీ, అందరికీ నచ్చనిది నా గొంతు. రాయడం రాదు కాబట్టి నేను పంపేవన్నీ నోటి మాటలే. పేర్లు చదవలేను కాబట్టి మనుషుల్ని వాళ్ళు పెట్టుకున్న బొమ్మల్ని బట్టి గుర్తుపట్టేదాన్ని. మందారపువ్వు, నల్ల కళ్ళద్దాలు, ఓడ, దుర్గమ్మ. దసరాకు అందరూ దుర్గమ్మనే పెట్టుకున్నారు. ఎవరు ఎవరో తెలియక పండగ వెళ్ళేదాకా తికమకపడుతూ తిరిగాను. ఆ తరవాత ఎవరూ బొమ్మ మార్చకూడదని గ్రూపులో గట్టిగా చెప్పాను. నేను చెప్పేదంతా గట్టిగానే ఉంటుందనుకోండి.

వదిన బొమ్మ పుంజు. వదిన అంటే చుట్టం కాదు. వయసులో కొంచెం పెద్దది, శ్రీకాకుళం వైపు మనిషి, అందుకని ఆ పిలుపు. కింది లైనులో మొదటి ఇల్లు ఆవిడదే. కొడుకు దీవుల మధ్య తిరిగే ఓడలో ఖలాసీ. ఇంట్లో ఆవిడా, కోడలూ, ఇంటినిండా కోళ్ళూ. ఆవిడ గుమ్మంలో కూర్చుంటే లైనంతా గుమ్మాల్లో కూర్చుంటుంది. ఆవిడ లేస్తే లైనంతా లేస్తుంది. ఈ ముక్క మేడమ్ శిక్షణలో ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు, కానీ తెలిసి నేనేం చేశానో చూడండి.

గ్రూపును ప్రమాదం వచ్చినప్పుడే వాడాలని మేడమ్ చెప్పింది. ప్రమాదం ఎప్పుడో గాని రాదు. ఫోనేమో రోజూ చేతిలో ఉంటుంది. పొద్దున్నే "నీళ్ళు వదిలారు, పట్టుకోండి" అని మొదలుపెట్టేదాన్ని. "సెంటరు గిన్నె ఎవరు తీసుకెళ్ళారో మర్యాదగా తెచ్చి ఇవ్వండి" అనేదాన్ని. "మేక మళ్ళీ మా గోడెక్కింది, మేకగలవాళ్ళు వినండి" అనేదాన్ని. ఒకసారి రికార్డింగు ఆపడం తెలియక, వదిన వండే కోడికూరలో కారం తప్ప కోడి కనబడదని పక్కమనిషితో అన్న మాట కూడా గ్రూపులోకి వెళ్ళిపోయింది. కొండంతా విన్నది. ఆ రోజు నుంచి లైనులో ఒక్కొక్కరూ నా గ్రూపు నోరు నొక్కేశారు. ఫోను మోగదు, మెసేజీ వచ్చినా తెలియదు. ఆ సంగతి నాకు తెలియలేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను.

పైగా రెండుసార్లు ఆఫీసు చెప్పిందని అందరినీ సెంటరుకు లేపుకొచ్చాను. రెండుసార్లూ తుఫాను ఇంకెటో పోయింది. రెండోసారి వదిన చాప దులిపి నా చేతికిచ్చి, "ఇదిగో, నీ తుఫాన్ని కూడా ఎండలో ఆరేసుకో" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అసలు రోజుకు ముందు వాన ఆగకుండా కురిసింది. ఓడలు ఆపేశారు. వదిన కొడుకు ఇంకో దీవిలో, హట్ బే జెట్టీలో చిక్కుబడిపోయాడు. కోడలికి నెలలు నిండాయి. ఇళ్ళ వెనక, తవ్విన కొండకు అడ్డంగా కట్టిన రాతిగోడ ముందుకు ఉబ్బి, సందుల్లోంచి ఎర్రనీళ్ళు కారుతున్నాయి. పొద్దున్నే మేడమ్ ఫోను చేసింది.

"దీదీ, నీచేవాలీ లైన్ ఖాళీ కరాయియే. అభీ. ఇస్ బార్ మజాక్ నహీ హై."

ఈసారి వేళాకోళం కాదు, కింది లైనును ఇప్పుడే ఖాళీ చేయించమంది. వెంటనే గ్రూపులో చెప్పాను. ఎవరైనా వింటే పక్కనున్న చిన్న మైకు బొమ్మ నీలంగా మారుతుంది. అక్షరాలు చదవలేను గాని రంగులు చదవగలను. మారలేదు. మళ్ళీ చెప్పాను, ఇంకా గట్టిగా. గట్టిగా చెబితే ఫోనులోంచి బయటికి వినబడుతుందనుకున్నానేమో. మారలేదు.

మోకాలు పట్టుకుని మెట్లు దిగాను. వదిన గుమ్మంలో పీట మీద కూర్చుని ఎండుచేపలు బాగుచేస్తోంది. వెనక కోడలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"వదినా, లెగు. కోడల్ని తీసుకుని పైకి పద. ఎనక గోడ సూసినావా, పొట్ట ఎలా ఉబ్బిందో?"

"నా కోడలి పొట్టా ఉబ్బింది. అలాగని ఇయ్యాలే కంటాదేటి?"

"ఆఫీసు నుంచి ఫోనొచ్చింది."

"నీకు రోజూ వత్తాది. నీ గొంతు ఇని నా కోళ్ళు గుడ్లెట్టడం మానేసినాయి. ఈపాలి తుఫాను వచ్చినాక పిలు, వత్తాం."

"వచ్చినాక పిలిత్తే రావడానికి నువ్వుండాల కదా!"

అనేశాను. మనిషిని ఒప్పించడానికి వెళ్ళినప్పుడు అనకూడని మాట సరిగ్గా దొరుకుతుంది నాకు.

వదిన చేతిలో చేప కింద పెట్టింది. "ఏటే, నా గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెడతన్నావా? కడుపుతో ఉన్న పిల్ల ముందర? ఎలిపో. పైకి పోయి నీ గోడెక్కే మేకతో మాటాడుకో."

కోడలు నా వంక చూసింది. అత్త కదలకుండా తను కదలలేదు, కదలాలని మాత్రం ఉంది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. (ఇక్కడ రాయడం ఆపేసి కూర్చుంది. రాయమ్మా, రాయి, ఇంకా చాలా ఉంది.) అన్ని గుమ్మాల్లోంచీ జనం చూస్తున్నారు. వదిన కదల్లేదు, వాళ్ళూ కదల్లేదు. నేను ఒక్కదాన్నే మెట్లెక్కాను.

సెంటర్లో అప్పటికే అవతలి వాలు వాళ్ళు కొందరు చేరారు. బియ్యం, పప్పు పొయ్యిమీద పడేసి మళ్ళీ ఫోను తీశాను. వదినకే నేరుగా ఫోను చేసి, ఈసారి కాళ్ళావేళ్ళా పడదామనుకున్నాను. ఎవరికైనా ఫోను చెయ్యాలంటే నాకున్న దారి ఒక్కటే. గ్రూపులో వాళ్ళ బొమ్మ మీద వేలు పెడితే కింద వరసగా గీతలు వస్తాయి. ఫోను కలిపే గీత ఎక్కడుంటుందో దాని చోటు నాకు గుర్తు. అయితే ఆ రోజు పొద్దున ఫోను తనంతట తనే కొత్తగా మారి కూర్చుంది. గీతలు జరిగిపోయాయి. నేను పాత చోటే నొక్కాను. ఫోను ఏదో అడిగింది. ఏది అడిగినా కుడిపక్క నొక్కమని టీచరమ్మ నేర్పింది. నొక్కాను.

పుంజు మాయమైపోయింది.

పైకి తోశాను, కిందికి తోశాను. మందారం ఉంది, ఓడ ఉంది, నల్లకళ్ళద్దాలున్నాయి. పుంజు లేదు. చీర చెంగుతో ఫోను తుడిచి మళ్ళీ చూశాను. చాలాసేపు అలా వెతుకుతుంటే మేడమ్ ఫోను. ఆవిడా ఆ గ్రూపులో ఉంది, ఆవిడకు అంతా కనబడుతుంది.

"దీదీ! ఆప్‌నే ఉనకో గ్రూప్ సే నికాల్ దియా?"

"ఎవరిని తీశాను?"

"ఏ ఇంటికోసం పొద్దుట్నుంచి కంగారుపడుతున్నామో ఆ ఇంటినే!"

అప్పుడు అర్థమైంది. నెత్తిన కొండ విరిగి పడబోతున్న మనిషిని, కబురు అందకుండా తీసి బయట పారేశాను. నా ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిటిలోకీ ఇంత శుభ్రంగా చెడగొట్టింది ఇంకోటి లేదు. మేడమ్ అవతల ఏదో చెబుతూనే ఉంది. నేను కిటికీలోంచి మెట్ల వైపు చూశాను.

మెట్లు కనబడడం లేదు, వాటిమీద నీళ్ళే పారుతున్నాయి. ఆ నీళ్ళలో ఒక గొడుగు ఎక్కి వస్తోంది. గాలికి అది తిరగబడి గిన్నెలా తయారైంది. దాని కింద వదిన. ఒక చేత్తో గొడుగు, రెండో చేత్తో కోడలి మణికట్టు. ఆ వెనక తలమీద గోనెలు, పళ్ళేలు పెట్టుకుని లైనులో జనం. వాళ్ళెందుకు వస్తున్నారో నాకు వెంటనే తెలిసింది. దెబ్బలాట చూడ్డానికి.

"ఏటే!" గుమ్మంలోకి రాకముందే మొదలుపెట్టింది వదిన. "నన్ను తీసేత్తావా? నన్ను? ఈ లైనుకి నీళ్ళ పైపు కోసం ఆఫీసుల సుట్టూ తిరిగిందెవరు? పెళ్ళికి పిలవకపోతే ఊరుకుంటాను. పేరంటానికి పిలవకపోతే ఊరుకుంటాను. గ్రూపులోంచి తీసేత్తావా?"

"నువ్వు ఒక్క మెసేజీ అయినా ఇన్నావా?"

"ఇనడం ఇనకపోవడం నా ఇట్టం. అందులో ఉండడం నా హక్కు!" కోడలి చేతిలో ఫోను పెట్టింది. "సదువే! ఏటుందో సదువు, అందరూ ఇనాల."

అందుకన్నమాట నిండుచూలాలిని వానలో లాక్కొచ్చింది. ఆవిడకూ చదువు రాదు, తీసేసిన సంగతి ఫోనులో చూసి చెప్పింది కోడలే. సాక్ష్యం చదవడానికి మనిషి కావాలి. కోడలు ఆయాసపడుతూ, "అడ్మిన్ మిమ్మల్ని తీసేశారు" అని చదివింది. చదివి, పిల్లల చాప మీద మెల్లగా కూలబడి, కాళ్ళు చాపుకుంది.

వేలు జారింది వదినా, క్షమించు అని నోటిదాకా వచ్చింది. అప్పుడు చూశాను. కోడలు కప్పు కింద ఉంది. గుమ్మంలో తడిసిన తలలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నేను క్షమించమంటే గొడవ అయిపోతుంది. గొడవ అయిపోతే వీళ్ళంతా ఇళ్ళకు వెళ్ళిపోతారు.

"అవును, తీసేసినాను," అన్నాను. "ఏటి సేత్తావో సేసుకో."

అంత మనస్ఫూర్తిగా నేనెప్పుడూ దెబ్బలాడలేదు. ఉన్న తగవులు అయిపోతే లేనివి కల్పించాను. కోడికూర సంగతి మళ్ళీ ఎత్తాను. ఆవిడ నా గొంతు, నా కిచిడీ, నా మేక ఫిర్యాదులు, నా నడక, వరసగా ఒక్కొక్కటీ తీసి ఉతికి ఆరేసింది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆవిడ ఆగినప్పుడల్లా నేను ఫోను తీసి, రాకుండా ఇళ్ళలో ఉండిపోయినవాళ్ళ బొమ్మలు వెతికి పట్టుకునేదాన్ని. తీసేసే గీత చోటు ఇప్పుడు బాగా తెలిసిపోయింది కదా. మందారాన్ని తీశాను. ఓడను తీశాను. కాసేపటికి మందారం వచ్చింది, మండిపడుతూ. ఆ వెనక ఓడ, మొగుణ్ణి కూడా వెంటబెట్టుకుని. ఆఫీసు నుంచి ఫోను మోగుతూనే ఉంది. దీదీకి మతిపోయి గ్రూపంతా కూల్చేస్తోందని మేడమ్ పెద్దాఫీసరుకు చెప్పిందట.

వదిన కనిపెట్టింది. "ఏటది, అందర్నీ తీసేత్తన్నావేటి?"

"అవును."

"ముందెవర్ని తీసినావు?"

"నిన్నే."

కొంచెం చల్లబడింది.

లైను చివరి ఇంటి బెంగాలీ దీదీ ఒక్కతే మిగిలింది. ఆవిణ్ణీ తీశాను. రాలేదు. నా ఫోనుకు ఒక చిన్న నోటి మాట పంపింది: "అచ్ఛా హువా." పోతే పోయింది, పీడ విరగడైంది అన్నట్టు. నా పద్ధతి అక్కడ ఆగిపోయింది. కానీ ఆ మాట వదిన విన్నది.

"నన్ను తీసేత్తే నాను వానలో పరిగెట్టుకొచ్చినాను. దానికి అచ్ఛా హువానా?" అని తన ఫోనులోంచి ఆవిడకు కలిపింది. "ఏ దీదీ! హమ్ సబ్ ఇధర్ భీగ్‌కే ఖడే హై, తుమ్ ఉధర్ సోతీ హై? తూ మహారాణీ హై క్యా? అభీ ఆ!" మేమంతా ఇక్కడ తడిసి నిలబడితే నువ్వక్కడ పడుకున్నావా, మహారాణివా, ఇప్పుడే రా అని.

మేడమ్ చెప్పినా, నేను చెప్పినా, ఫోనే చెప్పినా కదలని మనిషి, వదిన ఒక్క అరుపుకు కుట్టుమిషను తల చీరలో చుట్టుకుని వచ్చేసింది.

కిచిడీ దింపుతున్నాను. రాళ్ళ లారీ ఎక్కడో సరుకు దింపుతున్నట్టు ఒక చప్పుడు, తరవాత పచ్చి మట్టి వాసన. వరండాలోంచి కిందికి చూశాం. రాతిగోడ లేదు. వదిన వంటింటి రేకు మడత కాగితంలా వంగి ఉంది. కోళ్ళగూడు ఉండే చోట ఎర్రమట్టి కుప్ప. ఆ మట్టి ఇంకా మెల్లగా కదులుతోంది, నడిమింటి గదిలోకి పోతోంది. కోడలు పొద్దున ఆనుకుని నిలబడ్డది ఆ గది గోడకే.

వదిన అప్పుడు నన్ను ఏదో అంటూ సగంలో ఉంది. ఆ మాట పూర్తి చెయ్యలేదు. అదేమిటో ఇప్పటికీ చెప్పలేదు. కోడలి పక్కన కూర్చుని, తిరగబడ్డ గొడుగును ఒళ్ళో పెట్టుకుని, దాని ఊచలు ఒక్కొక్కటే సరిచేస్తూ ఉండిపోయింది. దెబ్బలాటకు వచ్చిన మనిషి కదా, ఆ గొడుగు తప్ప ఏమీ తెచ్చుకోలేదు. నేను కిచిడీ తెచ్చి ముందు పెట్టాను.

ఆఖరి ఊచ సరిచేసి అంది. "కోళ్ళని కూడా తీసేసుంటే బాగుణ్ణే."

తరవాత ఆఫీసులో మీటింగు పెట్టి నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. తెర మీద ఏదో రాశారు. ప్రజల నమ్మకం సంపాదించడం అని దాని అర్థమట. మేడమ్ నన్ను మాట్లాడమంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. వేలు జారిందనీ, ఆ తరవాతవి జారలేదనీ. హాలంతా నవ్వింది. పెద్దాఫీసరు కూడా నవ్వి, ఇది నియమాల్లో ఎక్కడుందని అడిగాడు. మేడమ్ నా చెవిలో, "దీదీ, యే హమ్ లిఖ్ నహీ సక్తే" అంది. రిపోర్టులో రాయలేం అని. అందుకే మీరు విన్న గొప్ప కథలో ఇదేదీ లేదు.

వేలు జారిందన్న సంగతి విని వదిన ఏమందని మీరు అడగవచ్చు. "అదే అనుకున్నాను, నీకంత తెలివెక్కడిది" అంది. నేను మేడమ్‌ను బతిమాలి ఆవిణ్ణి కూడా అడ్మిన్‌ను చేయించాను. ఆ తరవాత మా లైనులో నా మెసేజీలు ఎవరూ వినకపోయినా ఆవిడవి విన్నారు. ఆవిడ ఎప్పుడో గాని పంపదు, అందుకే విన్నారు. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే అదొక్కటి. ఎవరు లేస్తే లైను లేస్తుందో ఆ మనిషి చేతికి ఫోను ఇచ్చి, మనం కిచిడీ చూసుకోవాలి. ఇక నా పద్ధతి మాత్రం ఎవరూ వాడకండి. ఒక్కసారే పనిచేస్తుంది. ఆ మరుసటి వానలకు మందారాన్ని మళ్ళీ తీసి చూశాను. ఇంకొకరి ఫోను నుంచి నవ్వే బొమ్మ పంపింది.

ఇల్లు పోయాక వదినవాళ్ళు సెంటరు పక్కన గది అద్దెకు తీసుకున్నారు. మనవరాలు పుట్టింది. ఆవిడ బొమ్మ ఇప్పటికీ ఆ పుంజే, మనవరాలి ఫొటో పెట్టుకోమన్నా పెట్టుకోదు. నేను రిటైరై, ఆఫీసు ఫోను అప్పజెప్పి, నా సొంత ఫోనుతో గ్రూపులో ఉండిపోయాను. ఉద్యోగం పోయినా ఊళ్ళో మనిషినే కదా.

కొన్నాళ్ళ కిందట ఇంట్లో చేప కోసుకుంటుంటే, ఈ రాస్తున్న పిల్ల బిడ్డను చంకనేసుకుని వచ్చింది.

"పిన్నీ, ఫోను సూసినావా?"

"ఏటయింది?"

"మా అత్త నిన్ను గ్రూపులోంచి తీసేసింది." ముఖంలో ఏమీ లేకుండా చదివి వినిపించింది.

నేను పెట్టించిన అడ్మిన్! నన్ను! చేప అలాగే వదిలేశాను. చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోలేదు. చెప్పులేసుకుని, గొడుగు తీసుకుని, ఎండ మండిపోతుంటే రోడ్డెక్కాను. మోకాలు నొప్పి గుర్తు రాలేదు. దారంతా అనాల్సిన మాటలు ఏరుకుంటూ వెళ్ళాను. కోడికూర దగ్గర మొదలుపెడదామనుకున్నాను.

సెంటరు వరండాలో వదిన గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. ముందు రెండు గ్లాసుల టీ. ఒకటి ఆవిడ తాగేసింది. రెండోదాని మీద మీగడ కట్టింది.

నేను నోరు తెరిచాను. ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, గ్లాసు నా వైపు జరిపింది.

"ఇంతసేపా? నానైతే వానలో, కడుపుతో ఉన్న పిల్లని లాక్కుంటా, ఇంతకంటే ముందొచ్చినాను."